పంది పిల్లకీ పసిపిల్లాడికీ ఒకటే మందు

"సారూ, పంది పిల్లలు పారుతున్నయ్. సూది పట్టుకొని జల్ది రా."

ఫోన్లో అంతే మాట. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఆ కోయగూడెం నుంచి నాకు ఫోను చేసేది ఆమె ఒక్కతే. పశువుల డాక్టరుగా నేను రిటైరై ఏడేళ్ళయింది. ఆ సంగతి ప్రభుత్వం ఒప్పుకుంది గానీ ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

భద్రాచలం నుంచి కొంత దూరం ఆటో, ఆ తర్వాత నడక. ముసురు పట్టి మూడు రోజులైంది. నేను వెళ్ళేసరికి ఆమె దొడ్డి ముందు గొంతుక్కూర్చుని ఉంది. మహిళా సంఘంలో అప్పు తీసుకుని కొన్న రెండు సీమ పందుల్లో మొదటిది ఈని తొమ్మిది రోజులు. పదకొండు పిల్లలు పుట్టాయి. అప్పటికే నాలుగు పోయాయి. మిగిలిన ఏడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతున్నాయి. తోకల కింద తెల్లగా, పసుపుగా పూత పూసినట్టుంది. కళ్ళు లోపలికి పోయాయి. ఒకదాని పొట్ట చర్మం పట్టి లాగితే లాగిన చోటే నిలబడింది, వెనక్కి పోలేదు. ఒంట్లో నీరు లేదన్నమాట.

"ఏం వేశావమ్మా?" అన్నాను.

ఆమె లేచి చూరులోంచి రెండు సీసాలు తీసింది. ఒకటి ఆక్సీటెట్రాసైక్లిన్. రెండోది ఎన్రోఫ్లాక్సాసిన్. సంతరోజు మందుల షాపులో అడిగితే ఇచ్చాడట, కొడుకు సూది వేశాడట. ఎంత వేశాడంటే చిటికెన వేలు మీద గీత చూపించింది. ఎన్ని రోజులు వేశాడంటే, తగ్గినట్టనిపించిన పిల్లకి ఒకరోజు, తగ్గని పిల్లకి రెండు రోజులు. తర్వాత చూరులో ఇంకాస్త లోపలికి చెయ్యి పెట్టి ఒక స్ట్రిప్పు తీసింది. పదిట్లో నాలుగు బిళ్ళలు మిగిలాయి.

"ఇది కూడా నూరి పోసిన. సగం సగం."

అది సిప్రోఫ్లాక్సాసిన్. మనుషుల మందు. పది రోజుల కిందట ఆమె మనవడికి విరేచనాలైతే ఊళ్ళోకొచ్చే ఆర్ఎంపీ ఇచ్చాడు. పిల్లాడికి రెండేళ్ళుంటాయి. రెండు రోజులకి తగ్గింది, మిగతావి దాచింది. మందు కదా, పారేస్తారా ఎవరైనా?

నేను ఆమెను తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. ఆమె చేసిన దాంట్లో ఒక తెలివి ఉంది. పిల్లాడికి పారితే పనిచేసిన మందు, పంది పిల్లకి పారితే ఎందుకు పనిచెయ్యదు? నిజానికి ఎన్రోఫ్లాక్సాసిన్ సీసా, సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళ వేర్వేరు కూడా కావు. ఎన్రోఫ్లాక్సాసిన్ జంతువు ఒంట్లోకి వెళ్ళాక అందులో కొంత భాగం సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. సీసా మీద బొమ్మ ఆవుది, స్ట్రిప్పు మీద ఏ బొమ్మా లేదు. బ్యాక్టీరియాకి బొమ్మలతో పనిలేదు. ఒక దానికి అలవాటు పడిందంటే రెండోదానికీ పడినట్టే.

ఇక నా సంగతి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో నా సంచిలో ఎప్పుడూ ఉండేది ఆక్సీటెట్రాసైక్లిన్ సీసా. ఆవు మేత మానేసినా అదే, మేక దగ్గినా అదే, పంది పారినా అదే. ఏ సూక్ష్మజీవి వల్ల వచ్చిందో, అసలు సూక్ష్మజీవి వల్లే వచ్చిందో లేదో చూసే వీలు లేదు. చూడాలని గట్టిగా పట్టుబట్టిందీ లేదు. పది మైళ్ళు నడిచొచ్చిన రైతుకి "సూది వద్దు, ఉప్పు నీళ్ళు తాగించు" అంటే ఏమంటాడు? "ఈ డాక్టరుకేం రాదు" అంటాడు. ఆ మాట పడటం ఇష్టం లేక వేసిన సూదులు ఎన్నో లెక్కలేదు. తగ్గితే మందు గొప్ప, తగ్గకపోతే జబ్బు గొప్ప. ముప్ఫై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. ఆమె కొడుకు వేలు మీద గీత పెట్టి సూది వెయ్యడం ఎవర్ని చూసి నేర్చుకున్నాడో నాకు బాగా తెలుసు.

ఈసారి మాత్రం రెండు పిల్లల మలద్వారం దగ్గర దూది పుల్లతో నమూనా తీసి, ఐసు పెట్టిన థర్మాస్‌లో పెట్టి, రాత్రి బస్సుకి హైదరాబాదు పంపాను. అక్కడ మైక్రోబయాలజీ ల్యాబులో నాకు తెలిసిన అమ్మాయి ఒకరున్నారు. సర్వీసులో ఉండగా ఇలా పంపింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సిగ్గుపడాల్సిన సంగతే.

ఫలితం వచ్చేలోపు చెయ్యాల్సిన పని చేశాం. దాని గురించి చెప్పాలంటే ముందు ఈ పారుడు ఎలా చంపుతుందో చెప్పాలి. ఇ.కోలై అనే బ్యాక్టీరియా మన పేగుల్లోనూ ఉంటుంది, పందుల్లోనూ ఉంటుంది. చాలా రకాలు సాధువులే. కొన్ని రకాలకి మాత్రం ఒంటి మీద సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. కే88 అని ఒక పేరు. వాటితో పంది పిల్ల చిన్న పేగు గోడని పట్టుకుని వేలాడుతుంది. కడుక్కుపోదు. అక్కడ కూర్చుని విషం వదులుతుంది. ఆ విషాల్లో ఒకటి కలరా విషానికి దగ్గర చుట్టం. పేగు చెడదు, పుండు పడదు. ఒంట్లో ఉన్న నీళ్ళూ ఉప్పూ పేగులోకి తోడేసి బయటికి పంపేస్తుంది, అంతే. కిలోన్నర, రెండు కిలోల పిల్లలో తోడెయ్యడానికి ఉన్న నీళ్ళెన్ని? ఒకటి రెండు రోజుల్లో అయిపోతాయి.

అంటే పిల్లని చంపేది ముందుగా నీళ్ళు లేకపోవడం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించి వేల మందిని బతికించారు. మనిషి పేగులో పనిచేసిన ఆ కిటుకు పంది పేగులోనూ పనిచేస్తుంది. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లున్నాయి. కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, సూది తీసేసిన సిరంజితో గంట గంటకీ కొంచెం కొంచెం పట్టమన్నాను. రాత్రుళ్ళు కూడా. ఆమె, కోడలు వంతులేసుకున్నారు.

రెండోది వెచ్చదనం. ఇదే అందరూ మర్చిపోతారు. అడవిలో తిరిగే నాటు పంది ఈనేముందు ఎండుటాకులు, గడ్డి నోటితో పోగేసి గూడు కట్టుకుంటుంది. పుట్టిన పిల్లకి ఒంటి మీద వెంట్రుక లేదు, చర్మం కింద కొవ్వు లేదు. మొదటి రోజుల్లో దానికి ముప్ఫై రెండు, ముప్ఫై మూడు డిగ్రీల వేడి కావాలి. సీమ పందిని తెచ్చి సిమెంటు గచ్చు మీద ఈనిస్తాం. ముసురులో ఆ గచ్చు చల్లగా, తడిగా ఉంటుంది. చలికి వణికే పిల్ల పాలు సరిగ్గా తాగదు, పేగు కదలిక మందగిస్తుంది, ఇ.కోలైకి కాపురం పెట్టుకోవడానికి తీరిక దొరుకుతుంది. గచ్చంతా గీకి కడిగి, సున్నం చల్లి ఆరబెట్టి, ఎండుగడ్డి పరిచి, ఒక మూల బుట్ట కింద బల్బు వేలాడదీశాం. కరెంటు పోయినప్పుడు కుండలో నిప్పులు.

మూడోది ముర్రుపాలు. దానికి అప్పటికే ఆలస్యమైపోయింది. మనిషి బిడ్డకి తల్లి కడుపులో ఉండగానే కొంత రక్షణ మాయ ద్వారా అందుతుంది. పంది పిల్లకి అలా అందదు. వట్టి చేతులతో పుడుతుంది. మొదటి రోజు తాగే ముర్రుపాలే దాని ఆస్తి. ఒక రోజు దాటితే పేగు తలుపు మూసుకుంటుంది, ఆ తర్వాత ఎన్ని పాలు తాగినా ఆ రక్షణ రక్తంలోకి పోదు. పదకొండు పిల్లల ఈతలో చివరి మూడూ నాలుగూ బక్కగా పుడతాయి, చన్ను దొరకదు. అడిగితే చనిపోయిన నాలుగూ బక్కవేనంది.

నాలుగో రోజు హైదరాబాదు నుంచి ఫోటో వచ్చింది. గుండ్రటి ప్లేటు. అందులో బ్యాక్టీరియాని పచ్చికలా పరిచి, పైన ఆరు చిన్న కాగితం బిళ్ళలు పెడతారు. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని ఖాళీ వలయం కనిపిస్తుంది. ఆంపిసిలిన్ బిళ్ళ అంచుదాకా బ్యాక్టీరియా మొలిచింది. టెట్రాసైక్లిన్ దగ్గరా అంతే. కోట్రైమాక్సజోల్ దగ్గరా అంతే. ఎన్రోఫ్లాక్సాసిన్ దగ్గరా అంతే. జెంటామైసిన్, సెఫ్ట్రియాక్సోన్ బిళ్ళల చుట్టూ మాత్రం వలయాలున్నాయి. అంటే ఆ ఇంట్లో చూరులో ఉన్న మూడు మందుల్లో ఒక్కటీ ఆ పిల్లలకి పనికొచ్చేది కాదు. నా పాత సంచిలో సీసా కూడా.

ఇది ఒక్క దొడ్డి కథ, ఒక్క ప్లేటు కథ. జిల్లా అంతా ఇలాగే ఉందని నేను అనను. కానీ ఆ గూడెంలో ఆ దొడ్డికంటే ఎక్కువ మందులు వాడిన దొడ్లు ఉన్నాయని మాత్రం నాకు తెలుసు.

ఈ మొండితనం ఎలా పాకుతుందో మా అమ్మ వంటింటి సంగతి చెబితే తెలుస్తుంది. చిన్నప్పుడు పొయ్యిలో నిప్పు ఆరిపోతే పక్కింటికి వెళ్ళి చిప్పలో రెండు నిప్పులు తెచ్చేవాళ్ళం. ఇచ్చినవాళ్ళ పొయ్యి ఆరదు, మన పొయ్యి రాజుకుంటుంది. బ్యాక్టీరియాలు ఇచ్చిపుచ్చుకునే నిప్పు పేరు ప్లాస్మిడ్. గుండ్రటి చిన్న డీఎన్ఏ ముక్క. మందుకు లొంగని విద్య అందులో రాసి ఉంటుంది. పక్కన తగిలిన బ్యాక్టీరియాకి ఒక నకలు ఇచ్చేస్తుంది, తన దగ్గరది తనకుంటుంది. ఇందాక చెప్పిన కే88 వెంట్రుకల విద్య కూడా ప్లాస్మిడ్ మీదే ఉంటుంది. ఇచ్చేది పంది బ్యాక్టీరియా, పుచ్చుకునేది మనిషి బ్యాక్టీరియా కావడానికి అడ్డేమీ లేదు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని మొదట పట్టుకున్నది 1950ల చివర్లో జపాను శాస్త్రవేత్తలు, మనుషుల్లో రక్త విరేచనాలు చేసే షిగెల్లా మీద పనిచేస్తూ.

మన తెలుగువాడి ప్రస్తావన ఇక్కడ రాకతప్పదు. ప్రపంచంలో మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్. 1948లో అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్ నుంచి బయటికొచ్చింది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసినవాడు బెంజమిన్ డగ్గర్. అక్కడ పరిశోధనకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పోయారు. అదే సంస్థలో జూక్స్, స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకి మేపి చూస్తే అవి మామూలుకంటే బాగా పెరిగాయి. తర్వాత పందులు కూడా. 1950 తర్వాత జబ్బు లేని కోళ్ళకీ పందులకీ దాణాలో రోజూ చిటికెడు యాంటీబయాటిక్ కలపడం ప్రపంచమంతా అలవాటైంది. ప్రాణాలు నిలపడానికి కనిపెట్టిన మందు బరువు పెంచడానికి వాడతారని సుబ్బారావుగారు అనుకుని ఉండరు. 1969లోనే బ్రిటన్లో స్వాన్ కమిటీ, మనుషులకు వాడే మందుల్ని దాణాలో కలపొద్దని చెప్పింది. వినేసరికి చాలా దేశాల్లో ముప్ఫై, నలభై ఏళ్ళు పట్టింది.

డెన్మార్క్ పందులకి పేరుపడ్డ దేశం. అక్కడ రైతులు 1998లో పెద్ద పందులకీ, 1999 చివరికి పిల్లలకీ దాణాలో ఈ కలపడం ఆపేశారు. ఆపగానే పాలు మాన్పించిన పిల్లల్లో పారుడు పెరిగింది. దాచాల్సిన పనిలేదు, పెరిగింది. అప్పుడు పిల్లల్ని ఇంకొన్నాళ్ళు తల్లి దగ్గర ఉంచడం, మేత మార్చడం, దొడ్లు శుభ్రంగా ఉంచడం మీద పడ్డారు. అక్కడి పందుల వ్యాపారం పడిపోలేదు.

కోలిస్టిన్ కథ ఇంకా దగ్గరిది. ఏ మందూ పనిచెయ్యని రోగికి ఐసీయూలో చివరగా ఎక్కించే మందు అది. కిడ్నీలకి చెరుపని ఒకప్పుడు డాక్టర్లు పక్కనపెట్టారు, మిగతావి చేతులెత్తేశాక మళ్ళీ బయటికి తీశారు. ఈలోపు అదే మందు కోళ్ళ దాణాలో, పందుల దాణాలో టన్నులకొద్దీ పోయింది. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ఒక వార్త చెప్పారు. కోలిస్టిన్‌కి లొంగని జన్యువు ప్లాస్మిడ్ మీదికెక్కింది, అంటే చేతులు మారగలదు. దాన్ని మొదట గుర్తించింది షాంఘై దగ్గర ఒక ఫారం పందిలోని ఇ.కోలైలో. చైనా 2017లో దాణాలో కోలిస్టిన్ ఆపేసింది. మన దేశంలో 2019 జూలైలో కేంద్ర ఆరోగ్యశాఖ కోళ్ళు, చేపలు, మాంసం పాల పశువులు, దాణా వేటికీ కోలిస్టిన్ అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మంచి ఉత్తర్వు. ఆ ప్లేటు మీద కోలిస్టిన్ బిళ్ళ ఎందుకు పెట్టలేదని నేనడిగితే, కాగితం బిళ్ళతో దాని సంగతి సరిగ్గా తేలదు సార్, వేరే పరీక్ష కావాలి అంది ఆ అమ్మాయి. నా చదువు పాతబడిందని నాకింకోసారి తెలిసొచ్చింది.

పందుల మీదే నెపం వెయ్యడం కూడా న్యాయం కాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం మన పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షించింది. శుద్ధి చేశాక కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. రోజుకి సుమారు 45 కిలోలు వాగులో కలుస్తోందని లెక్కగట్టారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అది. గూడెంలో ముసలమ్మ నాలుగు బిళ్ళలు నూరిందని నేను కోప్పడితే, ఆ నలభై ఐదు కిలోలు వచ్చి నా ముందు కూర్చుంటాయి.

అయినా ఆ దొడ్డి పక్కనున్న వాగు దగ్గర మాత్రం నా మనసు ఆగిపోయింది. దొడ్డి కడిగిన నీళ్ళు పల్లానికి జారి వాగులో పడతాయి. దానికి నూరు గజాల కింద ఇసకలో చెలమ. బోరింగు ఉంది, ఇనుము వాసనేస్తుందని ఎవరూ తాగరు. చెలమ నీళ్ళు తియ్యగా ఉంటాయి, నేనూ తాగాను చాలాసార్లు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడైతే పంది దొడ్డీ, చెలమా, ఇల్లూ అన్న తేడాలే పోయాయి, అంతా ఒకటే నీరు. పందికొచ్చింది పిల్లాడికి పోతుందా, పిల్లాడిది పందికి వస్తుందా అని ఆమె నన్నడిగింది. రెండు వైపులా దారి ఉందన్నాను. మీ ఇంట్లో ఏ దారిన వచ్చిందో చెప్పలేనన్నాను.

ఏడు పిల్లల్లో ఇంకొకటి ఐదో రోజు పోయింది. రెంటికి జ్వరమొచ్చి లేవలేకపోతే, ప్లేటు చూసుకుని, తూకం వేసి, లెక్కకట్టి జెంటామైసిన్ వేశాను. యాంటీబయాటిక్ అసలు వద్దనేవాణ్ణి కాను నేను. బ్యాక్టీరియా పేగు దాటి రక్తంలో పడ్డప్పుడు ఉప్పు నీళ్ళు ఒక్కటే చాలవు. మిగతా నాలుగింటికీ ఏ సూదీ వెయ్యలేదు. ఆరూ బతికాయి. తల్లికి కూడా వాళ్ళు ఎన్రోఫ్లాక్సాసిన్ వేశారని తర్వాత చెప్పారు. అయితే ఇరవై ఎనిమిది రోజులదాకా దాన్ని కొయ్యొద్దు, అమ్మొద్దు అన్నాను. లేబుల్ మీద గడువు రాసి లేకపోతే మాంసానికి కనీసం అన్ని రోజులు ఆగాలని మన డ్రగ్స్ రూల్సులోనే ఉంది. "దాన్నెవడు కోస్తడు సారూ, అప్పు తీరకుండ?" అంది.

మనవడికి ఆ తర్వాతి వారం మళ్ళీ విరేచనాలయ్యాయి. ఈసారి ఆర్ఎంపీ దగ్గరికి పోలేదు. పంది పిల్లలకి తెచ్చిన ఓఆర్ఎస్సే కలిపి పట్టారు, ఆశా కార్యకర్త జింకు బిళ్ళలిచ్చింది. మూడు రోజులకి తగ్గింది. పంది పిల్లలకి పట్టిన చేతులతోనే మనవడికీ పట్టాను అని ఆమె నవ్వుతూ చెబితే, సబ్బుతో కడుక్కున్నావా అని అడిగాను. నవ్వు ఆపేసింది.

రెండో పంది కార్తీకంలో ఈనుతుంది. బుట్ట, బల్బు, ఎండుగడ్డి సిద్ధం చేసుకుంటోంది. బక్క పిల్లల్ని విడిగా పట్టుకుని ముందు చన్నుకి పెట్టడం కోడలికి చూపించాను. దూది పుల్లలు, ఐసు థర్మాసు నా దగ్గరే ఉన్నాయి. రాత్రి బస్సు డ్రైవరు మాత్రం, ఈసారి పంది పెంటని చెబితే ఎక్కించుకోనని ముందే చెప్పాడు.

వచ్చేటప్పుడు ఆ నాలుగు బిళ్ళల స్ట్రిప్పు నేనే అడిగి తీసుకున్నాను. చూరులో ఉంటే మళ్ళీ ఎవరికో నూరుతారని. ఇంటికొచ్చాక ఎక్కడ పారెయ్యాలో తెలియలేదు. చెత్తలో వేస్తే కుప్పకి పోతుంది, కుప్ప నుంచి వానకి గోదాట్లోకి. మందుల షాపతన్ని వెనక్కి తీసుకుంటావా అని అడిగితే వింతగా చూశాడు. ఇది రాస్తున్న బల్ల మీదే ఉంది, పేపర్‌వెయిట్ కింద.